హసన్ ఇంటి పక్కవాళ్లు

ఉప్పల్‌లో తిరిగే మాలాంటివాళ్లకి ఆఫ్ఘనిస్తాన్ అంటే చాలాకాలం ఒకటే అర్థం: రషీద్ ఖాన్. 2017 ఏప్రిల్ 5న ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ తరఫున అతను ఆడిన మొదటి ఐపీఎల్ మ్యాచ్‌ని, ఆఫీసులో ఏదో అబద్ధం చెప్పి వెళ్లి చూశాను. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. బంతి ఎటు తిరుగుతుందో బ్యాట్స్‌మన్‌కే కాదు, స్టాండ్‌లో కూర్చున్న మాకూ అర్థం కాలేదు. రెండు వికెట్లు తీశాడు. తిరిగొస్తుంటే షేర్ ఆటోలో ఒకాయన "ఆ పిల్లగాడు ఏ దేశపోడు అన్నా?" అని అడిగితే పక్కాయన "ఆఫ్ఘన్. గట్టి మనుషులు వాళ్లు" అన్నాడు. అంతటితో ఆ దేశం గురించి చర్చ ముగిసింది.

మరుసటేడు మే 25న కోల్‌కతాలో అదే రషీద్ పది బంతుల్లో 34 పరుగులు కొట్టి, మూడు వికెట్లు తీసి మమ్మల్ని ఫైనల్‌కి చేర్చాడు. అవార్డు తీసుకుంటూ దాన్ని జలాలాబాద్ పేలుళ్లలో చనిపోయినవాళ్లకి అంకితం చేస్తున్నానన్నాడు. వారం కిందటే అక్కడ రంజాన్ నెలలో క్రికెట్ మ్యాచ్ జరుగుతున్న మైదానంలో బాంబులు పేలాయి. ఆ మాటలు టీవీలో వస్తున్నప్పుడు మా గదిలో అందరం ఫైనల్ గురించి మాట్లాడుకుంటున్నాం. ఎవరో రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించారు కూడా.

ఇదంతా ఎందుకు గుర్తు చేసుకుంటున్నానంటే, 2019లో నాచారంలో మేముండే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోకి ఒక ఆఫ్ఘన్ విద్యార్థి అద్దెకి వచ్చాడు. ఉస్మానియాలో, ఇఫ్లూలో భారత ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద చదువుకునే ఆఫ్ఘన్ విద్యార్థులు చాలా ఏళ్లుగా ఉన్నారు. తార్నాక, హబ్సిగూడల్లో అద్దెలు పెరిగితే కొంతమంది నాచారం దాకా వస్తారు. ఇతను కాబూల్ పడమటి వైపు దష్త్-ఎ-బర్చీ నుంచి వచ్చిన హజారా కుర్రాడు. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ మా అందరికంటే శుభ్రంగా మాట్లాడేవాడు. లిఫ్టులో పరిచయమై, తర్వాత నాచారం చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ దాకా వచ్చింది.

నేను కొంచెం గొప్పగానే చెప్పాను. ఖాలెద్ హొస్సేనీ మూడు నవలలూ చదివానని, 'ది కైట్ రన్నర్' చదివి ఏడ్చానని, దాని మీద ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు కూడా రాశానని. అతను మర్యాదగా విని, "మంచి పుస్తకం భాయ్. మా అక్క కూడా చదివింది" అన్నాడు. కాసేపాగి, "కానీ హసన్ ఏమనుకున్నాడో ఆ పుస్తకంలో ఎక్కడుంది?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. చాయ్ అయిపోయాక అతనే ఇంకో ప్రశ్న అడిగాడు. "మీ తెలుగు పుస్తకాల్లో మేమున్నామా?"

"తుర్రుం ఖాన్ ఉన్నాడు" అని నవ్వేశాను. హైదరాబాద్‌లో ఎవరైనా ఎచ్చులకి పోతే "పెద్ద తుర్రుం ఖానా?" అంటాం కదా. అతనికి అర్థం కాలేదు. వివరించబోయి, నాకూ పెద్దగా తెలీదని గ్రహించాను. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకీ ఆలస్యంగా వెతుక్కున్న జవాబు.

*

ముందు రెండో ప్రశ్న. ఆఫ్ఘన్లు మనకి కొత్తవాళ్లేమీ కాదు. కర్నూలుని వంద సంవత్సరాలకి పైగా పాలించింది పన్నీ తెగ పఠాన్ నవాబులు. కడపలో మియానా పఠాన్లు. 1750 డిసెంబరులో నిజాం నాసిర్ జంగ్ చనిపోయింది ఈ పఠాన్ నవాబుల కుట్రలో. ఆయన తర్వాత గద్దెనెక్కిన ముజఫర్ జంగ్ రెండు నెలలు తిరక్కుండానే రాయచోటి దగ్గర వీళ్లతో జరిగిన పోరులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అంటే హైదరాబాద్ సింహాసనం మీద ఎవరు కూర్చోవాలనేది ఒక దశలో రాయలసీమ ఆఫ్ఘన్లు తేల్చారు.

1839 సంగతి ఇంకా విచిత్రం. ఆ ఏడాది ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ సైన్యం కాబూల్ వెళ్లి, షా షుజా అనే ఆఫ్ఘన్‌ని గద్దె మీద కూర్చోబెట్టింది. అక్టోబరులో అదే కంపెనీ ఇక్కడ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేశాడని చెప్పి అతన్ని గద్దె దించింది. జొహరాపురం దగ్గర నవాబు మనుషులు పోరాడి ఓడిపోయారు. కంపెనీ కర్నూలుని తనలో కలిపేసుకుంది. కాబూల్లో మాత్రం ఆ ఆట సాగలేదు. 1842 జనవరి 6న కాబూల్ నుంచి బయల్దేరిన దాదాపు 16 వేల మందిలో, వారం తర్వాత జలాలాబాద్ చేరిన ఆంగ్లేయుడు డాక్టర్ బ్రైడన్ ఒక్కడే అని ఇంగ్లీషు పుస్తకాలన్నీ చెప్తాయి. ఆ 16 వేలలో సుమారు 12 వేల మంది వంటవాళ్లు, గుర్రాలు కాసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. ఎక్కువమంది ఈ దేశం మనుషులే. బ్రైడన్ బొమ్మ గీశారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

ఇక తుర్రుం ఖాన్. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. అతను రోహిల్లా. రోహిల్లాలంటే ఉత్తరాదిన రోహిల్‌ఖండ్‌లో స్థిరపడ్డ ఆఫ్ఘన్ల సంతతి. నిజాం రాజ్యంలో ఆ పేరుని పఠాన్ సిపాయిలందరికీ వాడేశారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మొన్నటిదాకా మహిళా కళాశాలగా నడిచిన భవనమే అది. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ దొరికి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర చనిపోయాడు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఇప్పుడు అక్కడ ఒక రోడ్డుకి తుర్రేబాజ్ ఖాన్ పేరుంది. జనం నోట్లో మాత్రం అతను ఎచ్చులరాయుడికి మారుపేరుగా మిగిలాడు. తిరగబడి ఓడిపోయినవాడి పేరు వెక్కిరింతగా మారడంలో ఎవరి హస్తం ఉందో గానీ, రోజూ వాడుతున్నది మనమే.

మా నానమ్మది జనగామ వైపు పల్లె. రోహిల్లా అంటే ఆమెకి వేరే అర్థం. అప్పిచ్చినవాడు. చేతికర్ర పట్టుకుని గుమ్మం ముందు కూర్చుంటే పైసలు చేతిలో పడేదాకా లేవడని, ఇంట్లో పొయ్యి వెలిగించాలన్నా భయపడేవాళ్లని చెప్పేది. నిజాం రాజ్యంలో అరబ్బులు, రోహిల్లాలు సైనికులుగా వచ్చి వడ్డీ వ్యాపారులుగా మారడం, బాకీదారుల్ని సొంతంగా నిర్బంధించడం, సాలార్‌జంగ్ వాళ్లని అదుపు చెయ్యడానికి అవస్థ పడటం చరిత్రలో నమోదైన విషయాలే. అందుకని నానమ్మ భయాన్ని తప్పు పట్టలేను. కాకపోతే ఆ రోహిల్లాకి ఒక ఊరుంటుందని, ఎవరో ఎదురుచూస్తుంటారని ఆమె కథల్లో ఎప్పుడూ రాలేదు. టాగోర్ 1892లో 'కాబూలీవాలా' రాసింది సరిగ్గా ఆ మనిషి గురించే. కత్తి, బాకీల వసూలు, కోపం అన్నీ రహమత్‌కి ఉన్నాయి. వాటితోపాటు మడత పెట్టిన కాగితం మీద కూతురి చేతి ముద్ర కూడా ఉంది. నేను చదివిన తెలుగు కథల్లో మాత్రం రోహిల్లా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

దీనికి ఒక జత ఉంది. కంపెనీ తొలిరోజుల్లో సిపాయిలు తెలుగు, తమిళ తీరాల నుంచి బెంగాల్ వెళ్లారు. అప్పట్నుంచి ఉత్తరాదిన సిపాయి ఏ ఊరివాడైనా 'తిలంగా' అయిపోయాడు. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలు ఎక్కువగా అవధ్, బిహార్ వైపువాళ్లు. ఢిల్లీ జనం వాళ్లని కూడా తిలంగాలే అన్నారు, అదీ విసుగ్గా. మనకి ఆఫ్ఘన్ అంటే అప్పులవాడు. వాళ్లకి మన పేరంటే ఎర్రకోటు వేసుకుని వచ్చి ఊరి మీద పడినవాడు.

*

ఇప్పుడు కథల సంగతి. ఆఫ్ఘనిస్తాన్‌ని మనం ఇన్నేళ్లూ ఎవరి కళ్లతో చదివామని వెతికితే, మొదటి జవాబు మా ఉప్పల్‌లోనే దొరికింది. నేను రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణా సంస్థ ఉంది. కిప్లింగ్ 1901లో రాసిన 'కిమ్' నవలలో ఆ కుర్రాడికి ఇచ్చే శిక్షణ సర్వేయర్ పని. గొలుసుతో నేల కొలవడం, అడుగులు లెక్కబెట్టడం, జపమాల తిప్పుతూ దూరాలు గుర్తుపెట్టుకోవడం. కొలతలు పైకి కనిపించే పని, గూఢచర్యం లోపలి పని. నిజం సర్వేయర్లు కూడా అప్పట్లో పూసలు తిప్పుతూనే టిబెట్ కొలిచారు. కిమ్‌ని ఆ దారిలో పెట్టేవాడు మహబూబ్ అలీ అనే ఆఫ్ఘన్ గుర్రాల వ్యాపారి. తెలివి, హాస్యం ఉన్న పాత్ర. అయితే అతని తెలివంతా ఆంగ్లేయుడి పనికే ఖర్చవుతుంది.

షెర్లాక్ హోమ్స్ మొదటి నవల (1887) తెరిచినా ఇదే. వాట్సన్‌ని చూడగానే, ఇతను ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చాడని హోమ్స్ పసిగడతాడు. 1880లో మైవంద్ యుద్ధంలో వాట్సన్ గాయపడ్డాడు మరి. ఆ యుద్ధం ఆఫ్ఘన్లకి ఇప్పటికీ పెద్ద విజయం. నవలలో అది డాక్టరుగారి భుజానికి తగిలిన తూటా.

తర్వాత సోవియట్ల వంతు. 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలతో పుస్తకాలకి అట్టలేసుకున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. మాదీ అందులో ఒకటి. మా నాన్న దగ్గర ఉన్న పాత సంచికలన్నీ మా స్కూలు పుస్తకాలకే ఖర్చయ్యాయి. 1979 డిసెంబరులో ఆఫ్ఘనిస్తాన్‌లోకి సైన్యం వెళ్లడాన్ని సోవియట్ ప్రభుత్వం సోదర దేశానికి సాయం అంది. 1989లో సైన్యం వెనక్కొచ్చాక, శవపేటికల్లో తిరిగొచ్చిన కుర్రాళ్ల తల్లుల మాటల్ని స్వెత్లానా అలెక్సియేవిచ్ పుస్తకంగా తెచ్చింది. దాని మీద ఆమెని మిన్‌స్క్‌లో కోర్టుకి ఈడ్చారు. గొప్ప పుస్తకం. అయినా అక్కడా ఏడ్చే తల్లులు రష్యన్లు, బెలారూసియన్లు. ఆఫ్ఘన్ తల్లులు పేజీ అవతలే ఉన్నారు.

హొస్సేనీతో పరిస్థితి మారిందనుకున్నాం. నిజంగానే కొంత మారింది. ఆయన కాబూల్లో 1965లో పుట్టాడు. 1976లో తండ్రి ఉద్యోగం మీద కుటుంబం పారిస్ వెళ్లింది. దేశం తలకిందులయ్యాక 1980లో అమెరికాలో ఆశ్రయం పొందింది. 'ది కైట్ రన్నర్' 2003లో వచ్చింది. ఆయన మళ్లీ కాబూల్ చూసింది ఆ నవల రాసేశాకే. గాలిపటాలు ఎగరేసిన పిల్లాడి కాబూల్ అది, దూరం నుంచి గుర్తు చేసుకున్నది. అమెరికా పాఠకుడికి ఆఫ్ఘన్లంటే వార్తల్లో కనబడే తుపాకులు కాదని చెప్పాలనే తాపత్రయం పేజీ పేజీలో తెలుస్తుంది. దాన్ని తక్కువ చెయ్యను. ఆ నవల లేకపోతే హజారా అనే మాట నాకు తెలిసేది కాదు. 1890లలో అమీర్ అబ్దుర్ రహమాన్ సైన్యం వాళ్లని ఊచకోత కోసిందని, 1998లో మజార్-ఎ-షరీఫ్‌లో తాలిబాన్లు మళ్లీ అదే చేశారని నేను వెతికి చదివింది ఆ నవల వల్లే.

అది దూరపు కథ మాత్రమే కాదని తెలియాలంటే సినిమా సంగతి చూడాలి. 2007లో సినిమా తీసినప్పుడు, హసన్ మీద అత్యాచారం జరిగే సన్నివేశం వల్ల అందులో నటించిన కాబూల్ పిల్లలకి ప్రాణభయం ఉందని విడుదల ఆరు వారాలు వాయిదా వేసి, వాళ్లని దేశం దాటించి యూఏఈ పంపాల్సి వచ్చింది. నేను ఫేస్‌బుక్‌లో పోస్టు రాసుకున్న కథ, అందులో నటించిన పిల్లల్ని ఇల్లు వదిలేలా చేసింది.

మళ్లీ ఆ కుర్రాడి ప్రశ్న. హసన్ ఏమనుకున్నాడు? నవల దాదాపు మొత్తం అమీర్ చెప్తాడు. అమీర్ తప్పు, అమీర్ సిగ్గు, అమీర్ ప్రాయశ్చిత్తం. హసన్ పెద్దయ్యాక చదవడం, రాయడం నేర్చుకుని రాసిన ఒకే ఒక్క ఉత్తరం ఉంది. అది అమీర్ చేతికి వచ్చేసరికి హసన్ బతికిలేడు. ఆ ఉత్తరంలో కూడా అతను ఫిర్యాదు చెయ్యడు. యజమాని కొడుక్కి ఎంత నొప్పి కలగకూడదో అంత జాగ్రత్తగా రాస్తాడు. మన కథల్లో నమ్మకమైన పాలేరు ఇలాగే ఉంటాడు. దొరబిడ్డ పశ్చాత్తాపపడటానికి వీలుగా ఉండటమే అతని పని.

ఆఫ్ఘనిస్తాన్ లోపలి నుంచి, ఆఫ్ఘన్ భాషలో రాస్తే ఎలా ఉంటుందో నాకు అతీక్ రహీమీ చూపించాడు. 1962లో కాబూల్లో పుట్టి, 1984లో నడిచి దేశం దాటి, ఫ్రాన్స్ చేరినవాడు. తర్వాత ఫ్రెంచిలో రాసిన నవలకి 2008లో గోంకూర్ బహుమతి వచ్చింది. నాకు ఇష్టమైంది అంతకుముందు ఆయన దరీ భాషలో రాసిన చిన్న నవల, ఇంగ్లీషులో 'ఎర్త్ అండ్ యాషెస్'. దస్తగీర్ అనే ముసలాయన, మనవడు యాసీన్, ఒక వంతెన దగ్గర లారీ కోసం ఎదురుచూస్తుంటారు. సోవియట్ బాంబుల్లో ఊరంతా పోయింది. గనిలో పనిచేసే కొడుక్కి ఆ కబురు చెప్పాలి. పిల్లాడికి పేలుళ్లలో చెవులు పోయాయి. కానీ తనకి చెవుడు వచ్చిందని వాడికి తెలీదు. ట్యాంకులొచ్చి మనుషుల గొంతులన్నీ ఎత్తుకుపోయాయని అనుకుంటాడు.

కథంతా దస్తగీర్‌ని 'నువ్వు' అని పిలుస్తూ నడుస్తుంది. అందుకే చదివేవాడికి జాలిపడే దూరం దొరకదు. పెద్ద సంఘటనలు లేవు. చావుకబురు చెప్పడానికి వెళ్లే మనిషి, ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని తనలో తాను నలిగిపోవడం అంతే. మన ఊళ్లలో చావుకబురు మోసుకెళ్లినవాళ్లకి ఆ నడక తెలుసు.

అందులో మీర్జా ఖదీర్ అని ఒక దుకాణదారుడు ఉంటాడు. వంతెన దగ్గర చిన్న కొట్టు. ఆయన గొప్పపని ఏమీ చెయ్యడు. ముసలాయన్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు, చెప్పింది వింటాడు, గనికి వెళ్లొచ్చేదాకా పిల్లాడిని తన దగ్గర ఉంచుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆయన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ పుస్తకంలో నాకు ఆయనే ఎక్కువ కనిపిస్తాడు. ఎందుకో చెప్తాను.

*

2021 ఆగస్టు 15. మా అపార్ట్‌మెంట్ కింద జెండా ఎగరేసి, పిల్లలకి చాక్లెట్లు పంచాం. అదేరోజు కాబూల్ తాలిబాన్ల చేతికి వెళ్లింది. మూడో అంతస్తు కుర్రాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని రాత్రంతా టెర్రస్ మీద తిరుగుతూ ఉన్నాడు. వాళ్ల అక్క టీచర్. పైకి వెళ్లి "అంతా బాగైపోతుంది" అన్నాను. అంతకంటే పనికిరాని మాట ఇంకోటి లేదని అంటున్నప్పుడే తెలుసు.

రెండు వారాల తర్వాత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ముందు "బ్యాచిలర్స్‌కి ఇవ్వకూడదని రూల్ పెట్టుకున్నాం కదా" అని ఒకరు. తర్వాత "ఫారినర్స్ అయితే పోలీస్ వెరిఫికేషన్ తలనొప్పి" అని ఇంకొకరు. అతని వెరిఫికేషన్ ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత ఒక టీవీ క్లిప్పు, తుపాకులు పట్టుకున్న గడ్డాలవాళ్లు జీపుల్లో వెళ్తున్నది. దాని కింద "మన పిల్లలు ఉన్నారు, ఆలోచించండి" అని. ఎవర్ని చూసి పారిపోయి వచ్చాడో వాళ్ల వీడియోనే అతని మీద సాక్ష్యం అయింది. "మీరు రోజూ మాట్లాడతారుగా సార్, మీరేమంటారు?" అని ప్రెసిడెంటుగారు నన్నే అడిగారు.

పెద్ద మెసేజ్ టైప్ చేశాను. హజారాలెవరో, తాలిబాన్లు వాళ్లనేం చేశారో, కర్నూలు నవాబుల దగ్గర్నుంచి మొదలుపెట్టి. చదువుకుని, చెరిపేశాను. "ఓనర్‌గారి ఇష్టం" అని పెట్టాను. నాకూ ఈఎంఐ ఉంది, అక్కడే ఉండాలి, పార్కింగ్ గొడవలో ఆ ప్రెసిడెంటుగారి సాయం కావాలి. కారణాలు ఇంత చిన్నవే. నెలాఖరుకి అతను ఖాళీ చేశాడు. సామాను ఆటోలో పెడుతుంటే సాయం చేశాను. "థాంక్యూ భాయ్" అన్నాడు. అతను ఆ గ్రూపులో లేడు.

తర్వాత ఎప్పుడో 'ది కైట్ రన్నర్' మళ్లీ తీశాను. హసన్ ఎలా చనిపోయాడో నాకు సరిగ్గా గుర్తులేదు. గాలిపటం వీధి, ఆ దారుణం, అమీర్ కన్నీళ్లు బాగా గుర్తున్నాయి, చావు మాత్రం లేదు. చూస్తే, హసన్ చనిపోయింది ఇంటి విషయంలో. అమీర్ వాళ్ల పాత ఇంటికి కాపలాగా ఉంటున్న హసన్‌ని, ఒక హజారాకి అంత ఇంట్లో ఏం పనని తాలిబాన్లు ఖాళీ చెయ్యమంటారు. అతను కుదరదంటాడు. వీధిలోకి తీసుకెళ్లి కాల్చేస్తారు, తర్వాత అతని భార్యని కూడా. ఆ హత్యల గురించి ఎవరూ నోరెత్తరు. ఇద్దరు హజారా పనివాళ్ల కోసం ఎవరు సాహసిస్తారన్నట్టు రచయిత ఒక్క వాక్యంలో దాటేస్తాడు. నేనూ దాటేశాను. అమీర్‌తో పోల్చుకుని ఏడవడం సులువు. అతని తప్పు పెద్దది, ప్రాయశ్చిత్తం కూడా పెద్దది. ఆ వీధిలో నోరెత్తనివాళ్లతో పోల్చుకోవడం నాకు తట్టలేదు.

నాచారంలో ఎవరూ ఎవర్నీ కాల్చలేదు. ఆ పోలిక అతిశయోక్తి అవుతుంది. ఒక కుర్రాడు ఇల్లు మారాడు, అంతే. కానీ పుస్తకాలు నాకేం నేర్పాయని అడిగితే నా దగ్గర ఉన్న లెక్క ఇంతే. మీర్జా ఖదీర్ కొట్టు దగ్గర జరిగినదానికీ, మా గ్రూపులో జరిగినదానికీ మధ్య ఉన్న తేడా ఒక మెసేజ్.

2022లో ఆఫ్ఘన్ రచయిత్రులు పద్దెనిమిది మంది దరీ, పష్తో భాషల్లో రాసిన కథల్ని ఇంగ్లీషులోకి అనువదించి 'మై పెన్ ఈజ్ ది వింగ్ ఆఫ్ ఎ బర్డ్' అని తెచ్చారు. ఇళ్లు, ఉద్యోగాలు, పక్కింటి తగాదాలు, పెళ్లిళ్లు, మధ్యలో పేలుళ్లు. ప్రపంచం తమని అర్థం చేసుకోవాలని బతిమాలే గొంతు కాదది, తమలో తాము మాట్లాడుకునే గొంతు. తెలుగులోకి ఎవరైనా తేవాల్సిన పుస్తకం. ఇంట్లో పులిహోరకి ఇంగువ ఆ దేశం నుంచే తెచ్చుకుంటున్నప్పుడు నాలుగు కథలు తెచ్చుకోలేమా అనిపిస్తుంది.

అతను ఇప్పుడు ఇంకో దేశంలో ఉన్నాడు. అక్క కూడా చేరిందట. నౌరోజ్‌కి నేను, దీపావళికి అతను మెసేజ్ పెట్టుకుంటాం. మీ పుస్తకాల్లో మేమున్నామా అని అడిగినందుకు ఈ వ్యాసం అతనికి చదివి వినిపించాలని ఉంది. ఇందులో కూడా అతను ఏమనుకున్నాడో లేదు, నేననుకున్నదే ఉంది. దాన్ని అతనే రాయాలి. నా వంతుగా చెప్పాల్సింది ఆ చెరిపేసిన మెసేజ్ సంగతి. అది ఇంకా అతనికి చెప్పలేదు.